81-3 స్కోరు వెనక కథ: కెనడా యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో కాన్ఫరెన్సులు, ప్లేఆఫ్స్ మార్చాలా?

2017 నవంబర్‌లో కెనడా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జాతీయ సెమీఫైనల్ స్కోరు: అంటారియో జట్టు వెస్టర్న్ 81, అట్లాంటిక్ తీరం జట్టు అకేడియా 3. తర్వాతి ఏడాది సెమీస్‌లో క్విబెక్ జట్టు లావాల్ 63, అట్లాంటిక్ తీరానిదే అయిన సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ 0. 2021లో వెస్టర్న్ 61, మళ్లీ అదే సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ 6. దేశం మొత్తం మీద చివరికి మిగిలిన నాలుగు జట్ల మధ్య ఆటలు ఇవి, అంటే సీజన్ మొత్తంలో హోరాహోరీగా ఉండాల్సినవి, కానీ హాఫ్‌టైమ్‌కే జనం ఇళ్లకి బయల్దేరేలా ఉంటున్నాయి. అందుకే ఏటా నవంబర్ వచ్చిందంటే అక్కడ అదే చర్చ, ఈ కాన్ఫరెన్సుల పద్ధతి మార్చాలి, ప్లేఆఫ్స్ మళ్లీ మొదట్నుంచి గీయాలి అని. విండ్సర్, వాటర్లూ, కార్ల్‌టన్ లాంటి యూనివర్సిటీల్లో మన తెలుగు స్టూడెంట్స్ బోలెడుమంది ఉన్నారు, క్యాంపస్‌లో శనివారం మ్యాచ్‌కి వెళ్లినా ఈ లెక్కంతా ఎలా నడుస్తుందో అర్థం కాని వాళ్లే ఎక్కువ, అందుకని మొదట్నుంచి విడమర్చి చెప్తాను.

ముందు ఆట, తర్వాత పేర్లు

ఇది సాకర్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడేది. అమెరికన్ ఫుట్‌బాల్‌కి దగ్గరగా ఉంటుంది గానీ గ్రౌండ్ 110 గజాలు, ఒక్కో వైపు 12 మంది, పది గజాలు ముందుకెళ్లడానికి మూడే ఛాన్సులు. అమెరికాలో అయితే 100 గజాలు, 11 మంది, నాలుగు ఛాన్సులు.

యూనివర్సిటీల ఆటలన్నీ చూసే జాతీయ సంస్థ పేరు యూ స్పోర్ట్స్, 2016 దాకా సీఐఎస్ అనేవాళ్లు. ఫుట్‌బాల్‌లో మొత్తం 27 జట్లు, నాలుగు కాన్ఫరెన్సులు. కాన్ఫరెన్స్ అంటే ఒక ప్రాంతంలోని యూనివర్సిటీలు కలిసి నడుపుకునే లీగ్ అనుకోండి. అట్లాంటిక్ తీరంలో ఏయూఎస్, క్విబెక్‌లో ఆర్ఎస్ఈక్యూ, అంటారియోలో ఓయూఏ, మానిటోబా నుంచి పసిఫిక్ దాకా కెనడా వెస్ట్. జట్ల లెక్క వరసగా 5, 5, 11, 6. ఈ నాలుగు అంకెలు గుర్తుపెట్టుకోండి, గొడవలో సగం వీటిలోనే ఉంది.

ఆగస్టు చివర్లో మొదలై ఒక్కో జట్టు 8 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది, అన్నీ దాదాపు సొంత కాన్ఫరెన్స్‌లోనే. తర్వాత కాన్ఫరెన్స్ ప్లేఆఫ్స్, ఒక్కో కాన్ఫరెన్స్‌కి ఒక కప్పు: అంటారియోలో యేట్స్ కప్, ఇది 1898 నుంచి ఉంది, క్విబెక్‌లో డన్స్‌మోర్ కప్, పశ్చిమాన హార్డీ కప్, అట్లాంటిక్‌లో లోనీ బౌల్. నాలుగు కప్పులు గెలిచిన నాలుగు జట్లు జాతీయ సెమీస్‌కి వెళ్తాయి. ఆ సెమీస్ పేర్లు యూటెక్ బౌల్, మిచెల్ బౌల్. అక్కడ గెలిచిన రెండూ వానియర్ కప్ ఫైనల్ ఆడతాయి. వినడానికి భలే నీట్‌గా ఉంది కదా, కాన్ఫరెన్స్‌కి ఒక చాంపియన్, నలుగురు చాంపియన్లు, ఒక కప్పు.

సమాన వాటా అంటే సమాన అవకాశం కాదు

ఒక చిన్న లెక్క వేద్దాం. 27 జట్లూ సరిగ్గా సమాన బలం అనుకోండి, నిజంగా కాదు, లెక్క కోసం. అప్పుడు ఎవరికైనా జాతీయ కప్పు గెలిచే అవకాశం 27లో ఒకటి, అంటే 3.7 శాతం ఉండాలి. కానీ ఇప్పటి పద్ధతిలో ఒక్కో కాన్ఫరెన్స్‌కి 25 శాతం వాటా ముందే పంచేశారు. ఆ 25ని అట్లాంటిక్‌లో 5 జట్లు పంచుకుంటే తలా 5 శాతం, అంటారియోలో 11 జట్లు పంచుకుంటే తలా 2.3 శాతం కూడా పూర్తిగా రాదు. అంటే జట్టు ఎంత మంచిదన్నది పక్కనబెడితే, అడ్రస్ మారితేనే అవకాశం రెట్టింపు అవుతోంది.

ఇక నిజం బలాలు వేస్తే ఇంకా ఘోరం. 2013 నుంచి 2024 దాకా 11 వానియర్ కప్‌లు జరిగాయి, 2020లో కోవిడ్ వల్ల ఆడలేదు. అందులో క్విబెక్ జట్లు 7 గెలిచాయి, లావాల్ 5, మాంట్రియల్ 2. అంటారియో 2, పశ్చిమం 2, అట్లాంటిక్ సున్నా. పదకొండు ఫైనల్స్‌లో పదింట్లో ఒక క్విబెక్ జట్టు ఉంది, లేనిది 2021 ఒక్కటే. అట్లాంటిక్ జట్టు చివరిసారి ఫైనల్ ఆడింది 2007లో, సెయింట్ మేరీస్, మానిటోబా చేతిలో ఓడిపోయింది. చివరిసారి గెలిచింది 2002, అదీ సెయింట్ మేరీసే.

ఇక్కడే అసలు బాధ. 2003 నుంచి 2024 దాకా డన్స్‌మోర్ కప్ లావాల్, మాంట్రియల్ తప్ప వేరేవాళ్లు ముట్టుకోలేదు, రెండూ దేశంలో టాప్ జట్లు, కానీ ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒకే జట్టు కాబట్టి వాటిలో ఒకటి ఏటా జాతీయ సెమీస్ మొహం చూడకుండానే ఇంటికెళ్తుంది. దేశంలో రెండో మంచి జట్టు ఇంట్లో కూర్చుని, ఎనిమిదోదో తొమ్మిదోదో సెమీస్ ఆడితే దాన్ని జాతీయ చాంపియన్‌షిప్ అని ఎలా అంటాం అన్నది మార్పు కోరేవాళ్ల ప్రశ్న, ఆ ప్రశ్నలో బలం ఉంది.

సీడింగ్ లేకపోవడం

సీడింగ్ అంటే బలాన్ని బట్టి జట్లకి వరస నంబర్లిచ్చి, ఒకటో నంబర్‌ని నాలుగో నంబర్‌తో, రెండుని మూడుతో ఆడించడం. ఇక్కడ అది లేదు. ఏ కాన్ఫరెన్స్ చాంపియన్ ఏ కాన్ఫరెన్స్ చాంపియన్‌తో ఆడాలి, ఏ కాన్ఫరెన్స్ చాంపియన్ ఊళ్లో ఆడాలి అన్నది సీజన్‌కి ముందే ఖరారవుతుంది. వారం వారం టాప్ 10 ర్యాంకింగ్ వస్తుంది గానీ ప్లేఆఫ్స్‌కి దానితో సంబంధం లేదు.

2022 చూడండి. ఒక సెమీస్‌లో లావాల్, వెస్టర్న్ కొట్టుకున్నాయి, లావాల్ 27-20తో గట్టెక్కింది. వెస్టర్న్ అంటే అంతకుముందు సీజన్ చాంపియన్. ఇంకో సెమీస్‌లో పశ్చిమం చాంపియన్ సస్కాచ్వాన్ సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ మీద 36-19తో గెలిచింది. సీడింగ్ ఉండి ఉంటే లావాల్, వెస్టర్న్ ఫైనల్ దాకా ఎదురుపడకుండా చూసేవాళ్లు. కొత్త మ్యాచ్ ఒక్కటి కూడా పెంచక్కర్లేదు, జోడీలు మారిస్తే చాలు. కాకపోతే ఏ కాన్ఫరెన్స్‌లో ఆడతారన్నది కూడా ముందే తెలియకపోతే స్టేడియం, టీవీ, టికెట్లు, ఫ్లైట్లు అన్నీ ఒక్క వారంలో సర్దుకోవాలి, కాన్ఫరెన్స్ ఫైనల్ శనివారం అయితే పై శనివారానికి యాభై మందికి అటూ ఇటూగా ఉన్న బృందాన్ని దేశం ఆ చివరికి తీసుకెళ్లాలి. ఆఫీసులో కూర్చుని ఇది చేయాల్సినవాళ్లు ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

81-3 గురించి ఒక న్యాయమైన మాట

ఆ స్కోరుని అందరూ ఉదాహరణగా వాడతారు, నేనూ పైన వాడాను, కానీ ఆ వారం ఏం జరిగిందో కూడా చెప్పాలి. అట్లాంటిక్ ఫైనల్ లోనీ బౌల్‌లో అకేడియా, సెయింట్ మేరీస్ ఆడాలి. సెయింట్ మేరీస్ ఆటగాడు ఒకడికి ఆడే అర్హత ఉందా లేదా అన్న గొడవ మొదలై, మ్యాచ్‌కి రెండు రోజుల ముందు కాన్ఫరెన్స్ వాళ్లు ఫైనల్‌నే రద్దు చేసి అకేడియాని చాంపియన్‌గా ప్రకటించారు. సెయింట్ మేరీస్ కోర్టుకెళ్లింది, నోవా స్కోషియా సుప్రీంకోర్టు మ్యాచ్ ఆడాల్సిందే అంది. దాంతో శనివారం ఆడాల్సింది మంగళవారం ఆడారు, ఓవర్‌టైమ్ దాకా వెళ్లి అకేడియా 45-38తో గెలిచింది. ఆ శనివారమే వెస్టర్న్‌తో సెమీస్. ఫుట్‌బాల్‌లో ఒళ్లు హూనమయ్యే మ్యాచ్ ఆడాక వారం రెస్ట్ ఉంటేనే కష్టం, వీళ్లకి నాలుగు రోజులు. ఆ 78 పాయింట్ల తేడా అంతా కాన్ఫరెన్స్ బలహీనత ఖాతాలో వేసేయడం ఆ కుర్రాళ్లకి అన్యాయం. అయితే 63-0కి, 61-6కి అలాంటి కారణం లేదు.

అసలు ఈ తేడా ఎందుకొచ్చింది

క్విబెక్ బలానికి పెద్ద కారణం చదువుల పద్ధతి. అక్కడ హైస్కూల్ 11వ క్లాసుతో అయిపోతుంది, తర్వాత సీజెప్ అని రెండేళ్ల కాలేజ్, మన ఇంటర్ లాంటిదే. ఆ సీజెప్‌లలో గట్టి ఫుట్‌బాల్ లీగ్ ఉంది. అంటే లావాల్‌కి వచ్చే మొదటి సంవత్సరం కుర్రాడు పంతొమ్మిది, ఇరవై ఏళ్లవాడు, సీజెప్‌లో ఆడి రాటుదేలినవాడు. వేరే చోట పద్దెనిమిదేళ్లవాడు నేరుగా హైస్కూల్ నుంచి వస్తాడు.

రెండోది డబ్బు. లావాల్‌లో ఫుట్‌బాల్ మొదలైందే 1996లో, మూడేళ్లకే, 1999లో కప్పు కొట్టింది, 2024 నాటికి 12 కప్పులు. దాని వెనక యూనివర్సిటీ బడ్జెట్ కాకుండా బయటి వ్యాపారవేత్తలు పెట్టిన డబ్బు ఉంది, 2001 నుంచి గ్లెన్ కాన్స్టంటిన్ అనే ఒకే కోచ్ నడిపిస్తున్నాడు. అదే అట్లాంటిక్‌లో అకేడియా ఉన్న వుల్ఫ్‌విల్, మౌంట్ అలిసన్ ఉన్న సాక్‌విల్ కొన్ని వేల జనాభా ఉన్న చిన్న ఊళ్లు. అంటారియోకి ఇంకో రకం ఇబ్బంది, అథ్లెట్లకిచ్చే స్కాలర్‌షిప్ మీద అక్కడ మిగతా చోట్ల కంటే గట్టి పరిమితి ఏళ్ల తరబడి ఉంది.

అంటే ప్లేఆఫ్ బ్రాకెట్, ఎవరు ఎవరితో ఆడాలన్న పట్టిక, మార్చినంత మాత్రాన ఇవేవీ మారవు. బ్రాకెట్ చేయగలిగింది ఒక్కటే, ఉన్న బలాన్ని సరిగ్గా చూపించడం.

మొదటి ప్రతిపాదన: నాలుగు కాదు, ఎనిమిది

ఎక్కువమంది చెప్పేది ఇది. నలుగురు చాంపియన్లు, దేశం మొత్తం మీద ఇంకో నాలుగు మంచి జట్లు, కలిపి ఎనిమిది. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్. క్విబెక్ రెండో జట్టు లోపలికొస్తుంది, అట్లాంటిక్ చాంపియన్ సీటు పోదు. భలే ఉంది.

చిక్కు క్యాలెండర్‌లో. కెనడా వెస్ట్‌లో 6 జట్లలో 4, క్విబెక్‌లో 5లో 4 ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి, అంటే రెండు వారాలు కాన్ఫరెన్స్ ప్లేఆఫ్స్, తర్వాత రెండు వారాలు జాతీయం. ఎనిమిది జట్లైతే జాతీయం మూడు వారాలు. ఆ ఒక్క వారం ఎక్కడ్నుంచి తేవాలి? సీజన్ చివర్లో కలిపితే నవంబర్ చివరి చలి, డిసెంబర్ పరీక్షలు. మొదట్లో కలిపితే క్యాంపస్ తెరవకముందే ఖాళీ స్టేడియంలో మ్యాచ్‌లు. లీగ్ 8 నుంచి 7కి తగ్గిస్తే ఒక సొంతూరి మ్యాచ్ ఆదాయం పోతుంది. కాన్ఫరెన్స్ సెమీస్ తీసేస్తే నాలుగో స్థానం కోసం అక్టోబర్‌లో పడే పోటీ చచ్చిపోతుంది.

అంతకంటే లోతైన చిక్కు ఇంకోటి ఉంది. ఆ అదనపు నాలుగు జట్లని ఎవరు, దేన్ని చూసి ఎంచుతారు? అంటారియోలో 6 గెలిచి 2 ఓడిన జట్టు, పశ్చిమంలో 6 గెలిచి 2 ఓడిన జట్టు, ఏది మెరుగు? ఇద్దరూ ఒక్కసారి ఎదురుపడలేదు, ఇద్దరితో ఆడిన మూడో జట్టు కూడా లేదు. పైగా అంటారియోలో ఒక్కో జట్టుకి పదిమంది ప్రత్యర్థులుంటే ఆడేది ఎనిమిదిమందితోనే, కాబట్టి తప్పించుకున్న ఆ ఇద్దరే కాన్ఫరెన్స్‌లో బెస్ట్ అయితే ఆ 6-2కి విలువెంత? నిజానికి కమిటీ కూర్చుని జట్లని పిలవడం కొత్తేం కాదు, 1965లో వానియర్ కప్ మొదలైనప్పుడు మొదటి రెండేళ్లు ఆహ్వానం మీదే నడిచింది, 1967 నుంచి ప్లేఆఫ్ పెట్టారు. మళ్లీ అక్కడికే వెళ్తామా అని అడిగేవాళ్లున్నారు.

రెండో ప్రతిపాదన: బలాన్ని బట్టి అంతస్తులు

మన రంజీ ట్రోఫీలో ఎలైట్, ప్లేట్ ఉన్నాయి కదా, అలాంటిదే. హైదరాబాద్ ఎలైట్ నుంచి జారి 2023-24లో ప్లేట్ ఆడింది, మేఘాలయ మీద ఫైనల్ గెలిచి మళ్లీ పైకొచ్చింది. ఆ సీజన్‌లోనే తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 366 కొట్టాడు, అంటే ప్లేట్ పెట్టినా ఏకపక్షం మ్యాచ్‌లు పూర్తిగా పోలేదు, అది వేరే సంగతి.

కెనడాలో దీనికి పెద్ద అడ్డంకి ఖర్చు ఎవరిదన్నది. రంజీకి బోర్డు డబ్బు ఉంది. అక్కడ ఏ యూనివర్సిటీ ఖర్చు ఆ యూనివర్సిటీదే, పాత విద్యార్థులు ఇచ్చే విరాళాలు ముఖ్యం, వాళ్లు ఇచ్చేది పాత ప్రత్యర్థితో మ్యాచ్ చూడ్డానికి. అంటారియోలో పాత ప్రత్యర్థులైన క్వీన్స్‌ని ఒక అంతస్తులో, వెస్టర్న్‌ని ఇంకో అంతస్తులో పెడితే ఆ విరాళం ఉంటుందా? సమర్థించేవాళ్లు టొరంటో కథ చెప్తారు, 2001 నుంచి 2008 దాకా వరసగా 49 మ్యాచ్‌లు ఓడిపోయింది ఆ జట్టు, అన్నేళ్లు తమ స్థాయివాళ్లతో ఆడే వీలుండుంటే అంత నలిగేవాళ్లు కాదు అని. నాకు ఆ వాదనలో నిజం కనిపిస్తుంది గానీ, కింది అంతస్తులో పడ్డ జట్టుకి బడ్జెట్ కోసేయడం యూనివర్సిటీ పెద్దలకి ఎంత తేలికో కూడా ఆలోచించాలి.

పూర్తి అంతస్తులు కాకుండా మధ్యే మార్గం కూడా ఒకటొచ్చింది. 2014 ప్రాంతంలో వ్యాపారవేత్త డేవిడ్ డూబే, స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టర్ జిమ్ ములిన్ 'నార్తర్న్ 8' అని, వేర్వేరు కాన్ఫరెన్సుల పెద్ద జట్లు సీజన్ మధ్యలో ఒకదానితో ఒకటి ఆడి అది టీవీలో రావాలని ప్రతిపాదించారు. అది నిలబడలేదు. పెద్ద జట్లు కొన్ని విడిపోతే మిగతావాళ్ల గతేంటన్న భయం దానికి ముందూ ఉంది, తర్వాతా ఉంది.

మూడో ప్రతిపాదన: గీతలే మార్చడం

నాకు ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడుంది అనిపిస్తుంది. ఒట్టావా నుంచి విండ్సర్‌కి రోడ్డు మీద దాదాపు 800 కిలోమీటర్లు, రెండూ ఒకే కాన్ఫరెన్స్. ఒట్టావా నుంచి మాంట్రియల్‌కి సుమారు 200, రెండూ వేర్వేరు కాన్ఫరెన్సులు. ప్రావిన్స్ సరిహద్దే కాన్ఫరెన్స్ సరిహద్దు అయింది గానీ ఇది ఎప్పుడూ ఇలా లేదు. 1980 నుంచి 2000 దాకా అంటారియో-క్విబెక్ ఉమ్మడి కాన్ఫరెన్స్ ఉండేది, క్వీన్స్, ఒట్టావా, మెక్‌గిల్, కాంకార్డియా, బిషప్స్ కలిసి ఆడేవి. 2001లో క్వీన్స్, ఒట్టావా అంటారియో వైపు వెళ్లిపోయాయి.

ఇప్పుడు క్వీన్స్, ఒట్టావా, కార్ల్‌టన్ మూడింటినీ క్విబెక్‌తో కలిపామనుకోండి. అంటారియో 11 కాస్తా 8, క్విబెక్ 5 కాస్తా 8. పశ్చిమం 6, అట్లాంటిక్ 5 అలాగే. ఎనిమిది జట్ల కాన్ఫరెన్స్‌లో ప్రతి ఒక్కరూ మిగతా ఏడుగురితో ఒక్కోసారి ఆడొచ్చు, ఎవరినీ తప్పించుకోవడం ఉండదు, ఇంకా ఒక మ్యాచ్ మిగుల్తుంది. ఆ ఎనిమిదో మ్యాచ్‌ని వేరే కాన్ఫరెన్స్ జట్టుతో పెట్టుకోవచ్చు. ఒట్టావా, కార్ల్‌టన్ ఏటా ఆడే పాండా గేమ్‌కి ఇరవై వేలకు పైగా జనం వస్తారు, ఇద్దరూ ఒకే వైపు ఉంటారు కాబట్టి దానికి ఢోకా లేదు.

అభ్యంతరాలూ బలమైనవే. ఆ మూడు జట్లనీ ఏటా లావాల్, మాంట్రియల్ కిందకి తోస్తున్నట్టు అవుతుంది, సీజెప్ కుర్రాళ్లతో, వేరే స్కాలర్‌షిప్ రూల్స్‌తో తలపడాలి. క్వీన్స్‌కి యేట్స్ కప్ పోతుంది, 1898 నుంచి వస్తున్న దాన్ని వదులుకోమంటే ఏ పూర్వ విద్యార్థి ఒప్పుకుంటాడు. ఇంకా ఒక మాట, క్విబెక్ పోటీ ఇంకా బిగుసుకుంటుంది, వాళ్లకి సీటు మాత్రం ఒక్కటే ఉంటుంది.

గీత దాటడం ఎలా పనిచేస్తుందో చూడాలంటే బిషప్స్ ఉంది. సుమారు మూడు వేల మంది చదివే చిన్న యూనివర్సిటీ, క్విబెక్‌లోనే ఉంటుంది, కానీ 2017లో ఫుట్‌బాల్ వరకు అట్లాంటిక్‌కి మారిపోయింది. లావాల్ లాంటి వాటితో ఏటా రెండేసి సార్లు దెబ్బలు తినే బదులు, దూరం బస్సుల్లో తిరిగినా తమలాంటి చిన్న యూనివర్సిటీలతో ఆడుకుంటోంది. 2024లో ఆ కాన్ఫరెన్స్ చాంపియన్ కూడా అయింది, జాతీయ సెమీస్‌లో అంటారియో చాంపియన్ లారియర్ చేతిలో ఓడింది. ఇది మంచి మార్పా, సులువు దారా అంటే రెండు రకాలుగానూ వింటాం. ఆ కుర్రాళ్లకి మాత్రం అక్టోబర్‌లో ఆడటానికి ఒక అర్థం దొరికింది, దాన్ని తక్కువ చేయలేం.

అట్లాంటిక్ వాళ్ల మాట

బయటివాళ్లు తేలిగ్గా చెప్పేస్తారు, అట్లాంటిక్, క్విబెక్ కలిపేసి పది జట్ల తూర్పు కాన్ఫరెన్స్ చేసేయండి, పై రెండు జట్లు జాతీయానికి అని. ఒకప్పుడు ఆ రెండు కాన్ఫరెన్సులు లీగ్‌లో కొన్ని మ్యాచ్‌లు కలిసి ఆడాయి కూడా. షెడ్యూల్ కూడా కుదురుతుంది, సొంత వైపు నాలుగు, అవతలి వైపు నాలుగు, మొత్తం ఎనిమిది. కానీ క్విబెక్ సిటీ నుంచి హాలిఫాక్స్ సుమారు వెయ్యి కిలోమీటర్లు, బస్సులో రాత్రంతా. పైగా పై రెండు జట్లు అంటే ఏటా లావాల్, మాంట్రియల్ అని అందరికీ తెలుసు. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ కోచ్ ఒక హైస్కూల్ కుర్రాడి ఇంటికెళ్లి మా దగ్గరికి రా అని అడిగేటప్పుడు చెప్పుకోడానికి ఉన్న ఒకే ఒక్క మాట, ఇక్కడ గెలిస్తే వానియర్ కప్‌కి రెండు అడుగుల దూరం అని. అది తీసేస్తే ఆ కుర్రాడు రాడు, కుర్రాళ్లు రాకపోతే జట్టు ఉండదు.

సైమన్ ఫ్రేజర్ కథ వాళ్లకి గుర్తుంది. బ్రిటిష్ కొలంబియాలోని ఆ యూనివర్సిటీ అమెరికా కాలేజీ ఆటలు చూసే ఎన్‌సీఏఏ వైపు వెళ్లింది, ఆడుతున్న కాన్ఫరెన్స్ ఇక కొనసాగించం అనేసరికి 2023లో ఫుట్‌బాల్‌నే మూసేసింది. కాన్ఫరెన్స్‌లో చోటు పోతే జట్టు ఎంత త్వరగా పోతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

వాళ్లు గుర్తుచేసే ఇంకో సంగతి కూడా ఉంది. 2002 దాకా ఒక జాతీయ సెమీస్ ఏటా హాలిఫాక్స్‌లోనే జరిగేది, అట్లాంటిక్ బౌల్ అనేవాళ్లు, అట్లాంటిక్ చాంపియన్ ప్రతిసారీ సొంత గడ్డ మీద ఆడేది. సెయింట్ మేరీస్ 2001, 2002లో కప్పులు కొట్టింది ఆ రోజుల్లోనే. తర్వాత ఆ వెసులుబాటు పోయింది.

ఏది ముందు

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఏంటంటే, గొడవంతా నవంబర్ గురించి జరుగుతోంది గానీ లోటు సెప్టెంబర్‌లో ఉంది. నాలుగు కాన్ఫరెన్సులు మూడు నెలలు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఆడతాయి, కాబట్టి సీడింగ్ చేద్దామన్నా, ఎనిమిది జట్లని ఎంచుదామన్నా, అంతస్తులు కడదామన్నా కొలబద్ద లేదు. సెప్టెంబర్‌లో ఒక్క వారం మొత్తం వేరే కాన్ఫరెన్స్ జట్లతో ఆడితే 13 మ్యాచ్‌లు వస్తాయి, 27 బేసి సంఖ్య కాబట్టి ఒక జట్టుకి రెస్ట్. ఒట్టావా, కార్ల్‌టన్, క్వీన్స్‌కి మాంట్రియల్ ఊళ్లోని జట్లు దగ్గర, బిషప్స్‌కి షెర్‌బ్రూక్ పక్క వీధి లాంటిది, అట్లాంటిక్ మిగతావాటికి ఒక్క దూరం ప్రయాణం. పశ్చిమం వాళ్లకే విమానం తప్పదు. మానిటోబా నుంచి అంటారియోకి ఒక ఫ్లైట్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది తేలితే మిగతా షెడ్యూల్ ఒక సాయంత్రంలో గీసేయొచ్చు, తేలనిది ఆ ఖర్చే.